పక్కింటి పెద్దాయన రైలింజను

పిల్లలూ! పోయిన ఏడాది వేసవిలో నేను ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు ఉన్నాను. ఎన్నో ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు. ఆ సంగతి ఎలా కనిపెట్టారో ఏమో, పక్కింటి పెద్దాయన ఒకనాటి సాయంకాలం ఒక నీలం రంగు అట్టపెట్టె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

పెట్టెలో నల్లని బొమ్మ రైలింజను ఉన్నది. పొడవు జానెడైనా లేదు గాని, ఎత్తితే చేతికి బరువుగా తగిలింది. ఒళ్ళంతా పోత పోసిన లోహం.

"ఇది 1953 క్రిస్మస్‌కు మా నాన్న కొనిపెట్టినది. అప్పుడు నాకు పదేళ్ళు. నలభై ఏళ్ళుగా దీన్ని బయటికి తియ్యలేదు. మూడు వారాల్లో ఈ ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాటుకి పోతున్నాను. పోయే లోపల ఒక్కసారి ఇది తిరిగితే చూడాలని ఉన్నది. ఆ తరవాత మీ మనవడే ఉంచుకోవచ్చు," అన్నారాయన.

మా మనవడికి పదకొండేళ్ళు. వాడి గదిలో ఒక చెక్క మీద వాడి సొంత రైలు ఉన్నది. ఆ పెట్టె చూడగానే వాడి కళ్ళు మెరిశాయి. నేను ముందూ వెనకా ఆలోచించకుండా "అలాగే, బాగుచేస్తాం," అన్నాను.

ఇంతకూ ఆ ఇంజను పుట్టింది ఆ ఊళ్ళోనే. ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1863లో లివర్‌పూల్‌లో పుట్టాడు. రంధ్రాలున్న లోహపు బద్దలను చిన్నచిన్న మరలతో బిగించి వంతెనలూ, క్రేన్లూ కట్టుకునే ఆటవస్తువు ఒకటి తయారుచేసి, 1901లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అదే తరవాత మెకానో అన్న పేరుతో దేశదేశాలకూ పోయింది. 1920లో ఆయన కంపెనీ కీ ఇస్తే నడిచే రైళ్ళు చెయ్యసాగింది. ఆయన 1936లో పోయాడు. 1938లో కంపెనీ అంతకన్న చిన్నవైన రైళ్ళు, 12 వోల్టుల కరెంటుతో నడిచేవి, తెచ్చింది. వాటి పేరు హార్న్‌బీ డబ్లో. పక్కింటి పెద్దాయనది ఆ జాతి ఇంజనే. ఊళ్ళో బిన్స్ రోడ్డులోని ఆ ఫాక్టరీ 1979లో మూతపడింది.

ఇక్కడ మీకొక లెక్క. ఈ బొమ్మలను అసలు ఇంజనులో ఒక అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున చేస్తారు. ఇంగ్లండులో రైలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు. మరి బొమ్మ పట్టాల మధ్య ఎంత ఉండాలి? వేసి చూడండి, 18.8 మిల్లీమీటర్లు వస్తుంది. కాని కొలిస్తే 16.5 మాత్రమే ఉంటుంది! తప్పు మీది కాదు. ఆ పట్టాలకు సరిపడా కొలతతో ఇంగ్లీషు ఇంజను చేస్తే అది మరీ చిన్నదై, ఆ రోజుల మోటారు దాని పొట్టలో పట్టేది కాదు. అందుకని పట్టాలు అలాగే ఉంచి, ఇంజను ఒళ్ళు కొంచెం పెంచారు. ఇంగ్లండులో ఇప్పటికీ చాలామంది ఆ కొలతతోనే చేస్తున్నారు.

సరే, పెద్ద చిక్కు వేరే ఉన్నది. మనవడు ఇంజనును తన పట్టాల మీద పెట్టబోతే నేను చెయ్యి అడ్డంపెట్టాను. ఎందుకో చెబుతాను.

పాత డబ్లో బళ్ళకు మూడు పట్టాలు. కరెంటు నడిపట్టాలోంచి ఇంజను కింద ఉండే రేకు గుండా పైకెక్కి, మోటారులో పనిచేసి, చక్రాల మీదుగా పక్క పట్టాల్లోకి దిగి తిరిగి పోతుంది. అందుచేత చక్రాలూ ఇరుసులూ అన్నీ లోహమే అయినా ఇబ్బంది లేదు. ఇప్పటి బళ్ళకు పట్టాలు రెండే. కరెంటు ఒక పట్టాలోంచి ఎక్కి రెండోదానిలోకి దిగాలి. అటువంటి పట్టాల మీద పాత ఇంజను పెడితే, కరెంటు మోటారు దాకా పోనే పోదు. ఈ చక్రంలో ఎక్కి, ఇరుసు గుండా ఆ చక్రంలోకి దూకి పోతుంది. షార్టు సర్క్యూటన్న మాట.

మరి ఆ రోజుల్లో మూడు పట్టాలు ఎందుకు పెట్టారు? దానికీ ఒక సుఖం ఉన్నది. కాగితం మీద రెండు గీతల పట్టా గీసి, దాన్ని గుండ్రంగా తిప్పి మళ్ళీ వచ్చిన దారికే కలపండి. ఎడమ గీత పోయి కుడిగీతకు తగులుతుంది! మూడు పట్టాల్లో నడిమిది ఎప్పుడూ నడిమిదానికే తగులుతుంది గనక ఆ బాధ లేదు. 1959లో హార్న్‌బీ కంపెనీ కూడా రెండు పట్టాల బళ్ళు అమ్మసాగింది.

"అయితే చక్రాలు మార్చేద్దాం, తాతయ్యా!" అన్నాడు వాడు.

మార్చవచ్చు. అందుకు చక్రాలు అమ్మేవాళ్ళూ ఉన్నారు. కాని ధర విచారిస్తే 30 పౌండ్లు దాటింది. అంతకన్న పెద్ద సందేహం ఇంకొకటి నన్ను పట్టుకుంది. ఆయన తండ్రి కొన్న ఇంజను చక్రాలు పీకేసి, మరొకటి వేసి, "ఇదుగోనండీ మీ ఇంజను," అనటం ఏమంత బాగుంటుంది? ముందు అసలు తిరుగుతుందో లేదో చూద్దామని ఆ మాట అప్పటికి వాయిదా వేశాను.

ఆగిపోయిన యంత్రం చేతికి రాగానే కరెంటు పెట్టటం తొందరపాటు. మొదట చక్రాలను వేలితో మెల్లగా తిప్పి చూడాలి. మా ఇంజను చక్రాలు కదలలేదు. బలవంతం చెయ్యలేదు. దుర్భిణి పెట్టి పోత మీద పగుళ్ళు ఉన్నాయేమో చూశాం. రెండో ప్రపంచయుద్ధానికి ముందరి బొమ్మల్లో కొన్నిటికి ఒక రోగం ఉంటుంది. అవి జింకు మిశ్రమంతో పోసినవి. అందులో సీసం పిసరంత కలిసినా, ఏళ్ళు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, బీటలు వారి, చివరికి బిస్కట్టులా పొడి అయిపోతుంది. దానికి మందు లేదు. అదృష్టవశాత్తు మాది యుద్ధం తరవాతది. పోత గట్టిగానే ఉన్నది.

పైతొడుగు ఊడదీసి చూస్తే జబ్బు తెలిసింది. 1950లలో పోసిన నూనె పాకం ముదిరి గట్టిపడినట్టు ఇరుసుల చుట్టూ బిగుసుకుపోయింది. దాన్ని దూదిపుల్లతో, కాస్త కిరసనాయిలుతో మూడు రోజులు ఓపికగా కరిగించాం. కిరసనాయిలు రంగువేసిన తొడుగు మీద పడనివ్వకూడదు. తొడుగుకు గోరువెచ్చని సబ్బునీళ్ళు చాలు, అదీ మెత్తని గుడ్డతో. గరుకు కాగితం పెట్టి గీకవద్దు. అంకెలు చెరిగిపోతాయి. పైగా పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ పొడి ఒంట్లోకి పోతే హాని. పని కాగానే చేతులు కడుక్కోవాలి.

ఇక మోటారు. అందులో తిరిగే భాగాన్ని ఆర్మేచరు అంటారు. దానికి మూడు తీగచుట్టలు, ఒక చివర మూడు రాగి రేకులు ఉంటాయి. ఆ రేకుల గుత్తి పేరు కమ్యుటేటరు. దానికి ఇరుపక్కలా రెండు చిన్న బొగ్గు ముక్కలు స్ప్రింగుల బలంతో ఆనుకుని ఉంటాయి. కరెంటు వాటి గుండానే లోపలికి పోతుంది. మా ఇంజనులో రాగి నల్లబడింది. రేకుల మధ్య సందుల్లో బొగ్గుపొడి దట్టంగా నిండింది. స్పిరిటు తడిపిన దూదితో రాగిని మెరిసేదాకా తుడిచి, పళ్ళు కుట్టుకునే పుల్లతో సందులు శుభ్రం చేశాం. బొగ్గు ముక్కలు అరిగాయి, కొత్తవి వేశాం. స్పిరిటుతోగాని కిరసనాయిలుతోగాని చేసే పని పెద్దవాళ్ళు దగ్గరుండగా చెయ్యాలి, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. చివరికి కుట్టుమిషను నూనె, సూదిమొనతో ఇరుసుకు ఒక్కొక్క బొట్టు. కమ్యుటేటరుకు మాత్రం నూనె తగలరాదు.

12 వోల్టుల కంట్రోలరు తీగలు రెండూ తగిలించాం. ఇంజనును వెల్లకిలా పట్టుకుని ఉండగా చక్రాలు మెల్లగా, ఈసురోమంటూ తిరిగాయి. మనవడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

నేను అక్కడితో ఊరుకోవలసింది. కాని ఈసురోమనటం నాకు నచ్చలేదు. ఇంకా బాగా తుడిస్తే ఇంకా బాగా తిరుగుతుందని ఆ రాత్రి ఆర్మేచరు బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, గుడ్డమీద ఆరబెట్టి పడుకున్నాను. పొద్దున లేచి బిగించి కరెంటు పెడితే, ఇంజను కూనిరాగం తీసింది గాని కదలలేదు. క్షణంలో కమురు వాసన వచ్చింది. మీటరు చూస్తే 1.1 ఆంపియరు.

"నిన్న తిరిగిందిగా, తాతయ్యా!" అన్నాడు మనవడు.

నా పొరపాటు అప్పుడు తెలిసింది. మీ బడి లాబరేటరీలో లాడం ఆకారపు అయస్కాంతం చూసే ఉంటారు. దాని రెండు కొనలకూ అడ్డంగా ఒక ఇనుపబద్ద అంటించి ఉంచుతారు. ఎందుకు? ఆ బద్ద లేకపోతే ఆ రకం అయస్కాంతం బలం క్రమంగా తగ్గిపోతుంది. బలరేఖలకు ఇనుములో దారి దొరికితే అయస్కాంతం సుఖంగా ఉంటుంది. పాత మోటార్ల అయస్కాంతాలూ అటువంటివే. వాటిలో ఆర్మేచరు తిరగటమే కాక, ఇనుపబద్ద పని కూడా చేస్తుంటుంది. నేను దాన్ని ఒక రాత్రంతా బయట పెట్టాను. అసలే డెబ్భై ఏళ్ళుగా నీరసించిన అయస్కాంతం ఉన్న బలం కాస్తా పోగొట్టుకుంది. ఇనుపబద్ద తీసి పారెయ్యకండిరా అని ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పానో లెక్కలేదు!

అయస్కాంతం బలహీనమైతే మోటారు తక్కువ కరెంటు తీసుకోవాలి గాని, ఎక్కువ ఎందుకు తీసుకుంటుందని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరిగితే కరెంటు పుడుతుంది. డైనమో పనిచేసేది అలాగే. మోటారు కూడా తిరుగుతూ తానే ఒక చిన్న డైనమో అయి, వచ్చే కరెంటుకు ఎదురు నెడుతుంది. అయస్కాంతం బలంగా ఉంటే ఆ ఎదురునెట్టు బలంగా ఉండి, లోపలికి కావలసినంత కరెంటే వస్తుంది. బలహీనమైతే అడ్డేదీ ఉండదు. 12 వోల్టులను 1.1 ఆంపియరుతో గుణిస్తే 13 వాట్లు పైచిలుకు. అది బండి లాగటానికి పనికిరాక, వేడి అయి తీగల పైపూతను మాడుస్తుంది.

ఆయన ఇల్లు మారటానికి ఇక తొమ్మిది రోజులే ఉన్నాయి. "ఆయనకు చెబుదామా?" అని మనవడు నా మొహం చూశాడు. అంతకుముందు వారంలోనే, కిటికీ అద్దం పగలగొట్టి దాచినందుకు వాణ్ణి నేను మందలించాను. కనక ఇద్దరం కలిసే వెళ్ళాం. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, కాసేపు ఏమీ అనలేదు.

"మీరు సైన్సు మాస్టారు కదా!" అన్నారు చివరికి.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనే లోపలికి పోయి ఒక కాగితం తెచ్చారు. ఆ శనివారం దగ్గరలోని ఒక చర్చి హాలులో పాత బొమ్మ రైళ్ళ సంత. అటువంటి చోట్ల అయస్కాంతాలకు మళ్ళీ బలం ఎక్కించేవాళ్ళు ఉంటారట.

ఉన్నారు. హాలు మూలన ఒక ముసలాయన బల్లమీద ఒక ఇనుప పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. అందులో లావుపాటి రాగితీగ చుట్ట ఉన్నది. మోటారును, ఆర్మేచరు తియ్యకుండానే, దాని కొనల మధ్య పెట్టి మీట నొక్కాడు. టక్కుమన్నది. అంతే! చాలా పెద్ద కరెంటు కనురెప్పపాటు పారి, అయస్కాంతానికి మళ్ళీ ప్రాణం పోసింది. 5 పౌండ్లు తీసుకున్నాడు. అక్కడే కరెంటు పెట్టి చూపించాడు. మీటరు అర ఆంపియరు దగ్గర నిలిచింది, చక్రాలు కంటికి ఆనకుండా తిరిగాయి.

అదే సంతలో ఒక అట్టపెట్టె నిండా పాత మూడు పట్టాల ముక్కలు కనిపించాయి. అటువంటి వంపు ముక్కలు ఎనిమిది కలిపితే పూర్తి వలయం అవుతుంది. ఎనిమిది వంపులు, నాలుగు తిన్ననివి ఏరి, 15 పౌండ్లకు బేరమాడాం. నడిపట్టాకూ పక్కపట్టాకూ లోలోపల ఎక్కడైనా కలిసిందేమోనని ప్రతి ముక్కకూ మీటరు పెట్టి చూడమన్నాను. మనవడు ఒక ముక్క తిరిగి ఇచ్చి మరొకటి తీసుకున్నాడు. చక్రాలు మార్చే ఖర్చులో ఇది సగం. పెద్దాయన ఇంజనుకు ఒక్క మర కూడా మార్చవలసిన పని లేకుండా పోయింది.

సోమవారం సాయంకాలం, సామానంతా పెట్టెల్లో సర్దేసిన ఆయన ముందుగదిలో, తివాచీ తీసేసిన నేలమీద పట్టాలు పరిచాం. పెద్దాయన కుర్చీలో కూర్చోలేదు. చేతికర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా నేలమీదనే కూర్చున్నారు. కంట్రోలరు ఆయన చేతికే ఇచ్చాం. మూడు వాగన్లు లాగుతూ ఇంజను వంపు తిరిగింది. ఆయన ఒక చుట్టు ముందుకు నడిపి, మీట తిప్పి వెనక్కి నడిపారు. మోటారులోకి వచ్చే కరెంటు దిశ మారితే అది అటుదిటు తిరుగుతుంది గదా! తరవాత మీట మనవడి చేతిలో పెట్టి, పడక పక్కకు వంగి చెంప నేలకు ఆనించి చూడసాగారు. నేల మట్టానికి కన్ను పెడితే బొమ్మ ఇంజను అసలు ఇంజనంత కనిపిస్తుంది. పదేళ్ళప్పుడు అలాగే చూసేవాడినన్నారు.

ఆ ఇంజను అసలు రూపం గురించి ఒక మాట. దానికి ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు చిన్నవి. నీళ్ళ తొట్లు రెండూ బాయిలరుకు ఇరుపక్కలా ఉంటాయి గనక వెనక వేరే టెండరు బండి ఉండదు. ఇటువంటి అసలు ఇంజనులను 1920 నుంచి కట్టారు. అవి లండన్ కింగ్స్ క్రాస్ స్టేషను నుంచి శివారు ప్రాంతాలకు పోయే బళ్ళను లాగేవి.

మనవడికి చక్రాలు మార్చే ఉబలాటం మాత్రం తీరలేదు. అదే సంతలో పొగగొట్టం విరిగి, రంగు సగం రాలిన అదే రకం ఇంజనొకటి 20 పౌండ్లకు దొరికింది. దాని మీద ప్రయోగం చేశాం. ఒక పక్క చక్రాలకు కరెంటు పారని మధ్యభాగం ఉన్న కొత్త చక్రాల జతలు తెప్పించాం. నడిపట్టాను తాకే రేకు తీసేశాం. ఆ చోట రేడియోల్లో వాడే బోర్డు ముక్క ఒకటి బిగించి, దానికి సన్నని కంచు తీగలు టంకం పెట్టి, వాటి కొనలు ఆ చక్రాల వెనక రాసుకునేట్టు వంచాం. పాత రేకు నుంచి మోటారుకు పోయే తీగను ఈ బోర్డుకు కలిపాం. రెండో పక్క కరెంటు ఇంజను ఒళ్ళు గుండా ఎప్పటిలాగే పోతుంది. మోటారు జోలికి పోనక్కరలేదు.

అందరూ తికమకపడేది చక్రాలు ఎక్కించేటప్పుడు. పెద్ద చక్రాలన్నిటినీ ఒక కడ్డీ కలుపుతుంది గదా? ఎడమ పక్క కడ్డీ తగిలించే మేకు పైకి ఉంటే, కుడిపక్క మేకు ముందుకో వెనక్కో, సరిగ్గా పావు చుట్టు తేడాగా ఉండాలి. అసలు ఇంజనుల్లోనూ సామాన్యంగా అంతే. రెండు పక్కలా ఒకేలా ఉంటే, పిస్టను దెబ్బ రెండు వైపులా ఇరుసుకు ఎదురుగా పడి చక్రం కదలని స్థితి వస్తుంది. పావు చుట్టు తేడా ఉంటే ఏదో ఒక పక్క నుంచి తోపు తప్పక ఉంటుంది. ఆ తేడా మూడు ఇరుసులకూ ఒక్కలాగే ఉండాలి. మాకు నడిమి ఇరుసు వెంట్రుకవాసి తప్పి, ఇంజను కుంటిగుర్రంలా నడిచింది. సరిచేసేసరికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ తరవాత తెలిసింది, పాత వాగన్లకు కూడా లోహపు చక్రాలేనని! వాటికి ప్లాస్టిక్కు చక్రాలు చవకే.

ఈ రోజుల్లో నియోడిమియం అయస్కాంతాలని చిన్న బిళ్ళలు దొరుకుతున్నాయి. కొన్ని పాత మోటార్లలో, ముఖ్యంగా ట్రయాంగ్ కంపెనీ ఇంజనుల్లో, పాత అయస్కాంతం తీసి వాటిని పెట్టి చాలామంది చవకలో పని జరుపుకుంటున్నారు. పని బాగానే జరుగుతుంది. కాని ఆ బిళ్ళలను చిన్నపిల్లలు మింగితే, కడుపులో ఒకదానికొకటి అతుక్కుని ప్రేగులను చిల్లిపరుస్తాయి. చంటిపిల్లలున్న ఇంట్లో వాటిని బల్లమీద వదలవద్దని తల్లిదండ్రులకు నా మనవి. గోడ ప్లగ్గులోని 230 వోల్టులు బొమ్మకు ఎన్నడూ తగిలించరాదని వేరే చెప్పనక్కరలేదు గదా?

మీకు డబ్లో ఇంజను దొరకకపోవచ్చు. బాటరీతో నడిచి ఆగిపోయిన బొమ్మ కారు ప్రతి ఇంటి అటకమీదా ఉంటుంది. అందులోని మోటారు రేకు విప్పి చూడండి. మూడు తీగచుట్టలు, మూడు రాగిరేకులు, ఇరుపక్కలా అయస్కాంతం, అన్నీ అక్కడే ఉన్నాయి. బొగ్గు ముక్కలకు బదులు సామాన్యంగా సన్నని రాగి చీలికలు ఉంటాయి. వాటిని వంచితే మళ్ళీ తిన్నబడటం కష్టం.

నేను తిరిగి వచ్చేనాటికి మనవడి పట్టాల మీద రెండో ఇంజను నడుస్తున్నది. దాని పాత చక్రాలూ, నడిపట్టా రేకూ, మరలూ ఒక రేకుడబ్బాలో ఉన్నాయి. మూతమీద వాడే చీటీ అంటించాడు: "ఈ ఇంజనువే. పారెయ్యవద్దు." పెద్దాయన ఇంజను నీలం పెట్టెలో ఉన్నది. నెలకొక ఆదివారం దాన్నీ, పన్నెండు పట్టా ముక్కలనూ సంచిలో వేసుకుని, వాడూ వాళ్ళ నాన్నా ఆయన ఫ్లాటుకి వెళ్ళి వస్తుంటారు.